పట్టాభిరామయ్యగారికి పదిహేడో ఎక్కం

తొమ్మిదో తరగతి భ్రమరాంబ అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలు తప్పింది. కారణాలు వాళ్ల నాన్న పట్టాభిరామయ్యగారు అక్కడికక్కడే తేల్చేశారు. నిద్ర, ఆట, నవ్వు. మూడూ ఇంట్లో రద్దయ్యాయి.

విశ్వవిద్యాలయానికి పునాదులు పడుతున్న రోజుల్లో గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి, రాళ్లగుట్టల మధ్య గచ్చిబౌలిలో బాలనర్సయ్య ఇంట్లో అద్దెకు దిగిన సర్కారు గుమాస్తా ఆయన. రద్దు చేయడం ఆఫీసులో అలవాటే.

కోడి కూయకముందే పిల్లకు చిక్కటి డికాక్షను, లాంతరు ముందు ఎక్కాల పుస్తకం, ఎదురుగా నాన్నగారి ముఖం.

"ఏడాది పరీక్ష కూడా పోయిందా, చదువు మానిపించేస్తాను" అన్నారు. భ్రమరాంబకు తిండి సగమైంది. మాట పూర్తిగా ఆగిపోయింది.

"ఏందమ్మా, పిల్ల గిట్ల వాడిపాయె? జర ఆడుకోనియ్యుండ్రి" అంది బాలనర్సయ్య భార్య సత్తెమ్మ.

తల్లి నాగేశ్వరికి ఆ మాట గుచ్చుకుంది. సాయంత్రం భర్త పేకాటకు లేస్తుంటే గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏమండీ, మీ ఆఫీసు పరీక్ష కూడా వస్తోందిగా?"

"వస్తే?"

"ప్రతి ఏడూ తప్పుతున్నారుగా. నిద్ర, ఆట, నవ్వు మీకూ రద్దు."

"ఇంటి పెద్దను నేను!"

"అందుకే ముందు మీరు చేసి చూపించండి."

కూతురు చూస్తుండగా కాదనలేక కూర్చున్నారు. పేకాట పోయింది, ఆదివారం కునుకూ పోయింది. వారం తిరిగేసరికి ఆయన చొక్కా తిరగేసుకుని ఆఫీసుకు వెళ్లొచ్చారు.

ఆ సాయంత్రమే నాగేశ్వరి ఎదురుగా కూర్చుని, అచ్చం ఆయనలాగే కనుబొమ్మలు ముడిచింది.

"పదిహేడు ఎనిమిదులెంత?"

జమాఖర్చులు రాస్తూ జుట్టు నెరిసిన మనిషి. నోరు తెరిచారు, ఆ కనుబొమ్మలు చూశారు, నీళ్లు నమిలారు.

"నూట ముప్పై ఆరు" అంది భ్రమరాంబ, తల ఎత్తకుండానే.

"నీకొచ్చా! మరి పరీక్షలో ఏమైందే?"

"కాగితం చూస్తే మీ ముఖమే కనిపించింది నాన్నగారూ. భయమేసింది."

పట్టాభిరామయ్యగారు ఎక్కాల పుస్తకం మూసేశారు. పిల్ల చదువుకు ఇన్నాళ్లూ అడ్డంగా కూర్చున్నది తానేనని తెలిసి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"వెళ్లి ఆడుకోవే అమ్మా" అన్నారు. భార్య వైపు తిరిగి, "మరి నేను?"

"వెళ్లండి. పేకాటకు కాదు, దానితో."

వాకిట్లో తొక్కుడు బిళ్ల గళ్లల్లో పంచె ఎగ్గట్టి గుమాస్తాగారు ఒంటికాలి మీద గెంతుతుంటే, సత్తెమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"గీత తొక్కారు నాన్నగారూ!" భ్రమరాంబ పడీపడీ నవ్వింది. ఆ పిల్ల నవ్వు విని ఎన్నాళ్లయిందో ఆయనకు గుర్తు రాలేదు.

ఆయన పక్కకు జరిగి, మళ్లీ తన వంతు కోసం నిలబడ్డారు.