మంత్రిగారి నిదాన పానీయం

ప్రభుత్వోద్యోగుల మెదళ్లకూ మోకాళ్లకూ ఏకకాలంలో మహర్దశ పట్టించడానికి మంత్రిగారు నడుం బిగించారు.

"ఇది మామూలు షర్బత్తు కాదు. ఇందులోని పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది. పొద్దున తాగితే సాయంత్రందాకా బుర్రా పనిచేస్తుంది, ఒళ్లూ పనిచేస్తుంది" అని లైసెన్సుల ఆఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఆ భవనం ఎప్పట్నుంచో జీర్ణావస్థలోనే ఉంది కనుక, జీర్ణశక్తి గురించి మాట్లాడటానికి అంతకన్నా తగిన చోటు దొరకదు.

నేను మా అక్క వెంట వెళ్లాను. అక్కది టైలరింగ్ షాపు. లైసెన్సు గడువు ఆ రోజుతో సరి. సంతకం పడకపోతే మర్నాడు షాపుకు తాళం పడుతుంది.

పానీయం ప్రభావాన్ని శాస్త్రీయంగా నిరూపించడానికి ఒక డాక్టరమ్మను పిలిపించారు. సగం మందికి అసలు పానీయం, సగం మందికి అదే రంగు తియ్యనీళ్లు ఇవ్వాలనీ, ఎవరి గ్లాసులో ఏముందో ఎవరికీ తెలియకూడదనీ ఆవిడ చెప్పారు.

"తెలియకపోతే ఎలాగమ్మా?" పెద్దాఫీసరు కంగారుపడ్డారు. "నా గ్లాసూ గుమాస్తా గ్లాసూ ఒకటేనా? ప్రోటోకాల్ ఉంటుంది కదా!"

"నాకెందుకు సార్ తియ్యనీళ్లు? నేనేమన్నా తక్కువ తిన్నానా?" అన్నాడు గుమాస్తా.

చివరికి అందరూ అసలుదే తాగారు. ఆఫీసరుగారు హోదాను బట్టి రెండు గ్లాసులు తాగారు.

"మరి పోల్చి చూడటానికి తాగనివాళ్లు కావాలి కదండీ?" అన్నారు డాక్టరమ్మ.

మంత్రిగారు కిటికీలోంచి చెయ్యి చూపించారు. "అదుగో, లైసెన్సుల క్యూ! పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా తాగలేదు. ఇంత నిఖార్సైన శాంపిల్ ఇంకెక్కడ దొరుకుతుంది?"

పరీక్ష సులువే. నాలుగంతస్తులు ఎక్కి, పైన ఒక నోటిలెక్క చెప్పాలి. "పైన సంతకాలు పెడుతున్నారట!" అని క్యూలో ఎవరో అన్నారు. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని పరుగు లంకించుకుంది.

"అక్కా, నెమ్మదే!"

"నోర్మూసుకుని రారా! తాళం పడ్డాక ఇంట్లో కూర్చుని నెమ్మదిగానే ఉంటాలే!"

అందరికన్నా ముందు చేరింది. లెక్క అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేసింది. పానీయవర్గం మాత్రం రెండో అంతస్తు మలుపులో బెల్టులు వదులు చేసుకుని కూర్చుంది. శక్తి నెమ్మదిగా విడుదలవుతుందనీ, ఇంకా తమదాకా రాలేదనీ గుమాస్తా వివరించాడు.

ముందే పైకి చేరి కూర్చున్న మంత్రిగారు రవ్వంత కూడా చలించలేదు. వెంట వచ్చిన విలేకరుల వైపు తిరిగి, "చూశారా మా పానీయం మహిమ! తాగేవాళ్లను చూసినందుకే జనం ఇలా పరిగెత్తుతున్నారు!" అన్నారు. విలేకరులు రాసుకున్నారు. డాక్టరమ్మ పెన్ను మూసేశారు.

అక్క ఆయాసపడుతూనే కాగితం చాచింది. "సార్, గెలిచాను కదా. ఇవాళే ఆఖరు. ఒక్క సంతకం పెట్టించండి."

మెల్లగా పైకి చేరిన ఆఫీసరుగారు పాపం పెన్ను తీశారు కూడా. మంత్రిగారు ఆ చేతిని ఆప్యాయంగా పట్టుకుని ఆపారు.

"తొందరపడకయ్యా. ప్రయోగం ఏడాదిపాటు సాగాలి. పని అయిపోతే ఈవిడ ఇంటికెళ్లిపోతుంది. రేపు మీతో పరిగెత్తేదెవరు?"

తర్వాత అక్క వైపు తిరిగి నమస్కారం పెట్టారు.

"రేపు కూడా ఏమీ తాగకుండా రండమ్మా."