ఆదివారానికల్లా తగ్గాల్సిన గాభరా

గాభరాపడే ఆడమనిషి ఒక్కరైనా లేని ప్రార్థనా మందిరానికి తాళం వేసుకోవడం మంచిదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను.

మా క్లైవెన్ ఊరి మందిరం సంగతే తీసుకోండి. టోరున్‌కు గాభరా రాకముందు మా స్త్రీల సమాజానికి పనేముండేది? మేజోళ్లు అల్లడం, వాఫుల్స్ వెయ్యడం, వాటిని మళ్లీ మేమే తినడం. నార్వే దక్షిణపు ఒడ్డు మొత్తం మీద మా అంత తీరిగ్గా ఉన్న విశ్వాసులు ఇంకెవరూ లేరు. ప్రభువు మమ్మల్ని కనికరించాడు. ఇప్పుడు చేతినిండా పనే!

టోరున్ మా కిండర్‌గార్టెన్‌లో పిల్లల్ని చూసుకునే మనిషి. నలభై దాటింది. ఆదివారం కూటంలో గిటార్ వాయిస్తుంది. ఎవరింట్లో చావైనా పుట్టుకైనా ముందు చేరే కేకు ఆవిడదే. అలాంటి మనిషి ఒక పొద్దున పట్నం వెళ్తూ సొరంగం మధ్యలో కారు ఆపేసింది. గుండె దడదడా కొట్టుకుంటోంది, చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందడం లేదు. ఇక చచ్చిపోతున్నాననే అనుకుంది. వెనక లారీ డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ, చివరికి తనే దిగొచ్చి, ఆ కారును ఆవిడతో సహా బయటికి నడుపుకొచ్చాడు.

డాక్టరు పరీక్షించి గుండె గట్టిదేనన్నాడు. ఇది గాభరా జబ్బని చెప్పి, మాత్రలు రాసి, విబెకె అనే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమన్నాడు. ఆ విబెకె ఎక్కడుంటుందనుకున్నారు? సొరంగానికి అవతల! ఈతరాని వాడికి ఈత నేర్పే మాస్టారు ఏటికి అవతలి గట్టున బడి పెట్టినట్టుంది. మొదట్లో టోరున్ కొండ చుట్టూ పాత రోడ్డు పట్టుకుని, సొరంగం భయం గురించి మాట్లాడటానికి సొరంగం తప్పించుకుని వెళ్లేది.

ఇక మా సేవ మొదలైంది.

బైబిల్లో చింతపడవద్దని చెప్పే వాక్యం ఒకటుంది కదా, దాన్ని గుడ్డ మీద కుట్టి మొదటి దిండు పంపింది స్త్రీల సమాజం. రెండో దిండు గిటార్ బృందం పంపింది. ఆ తర్వాత అదే వాక్యం కాఫీ కప్పు మీద వచ్చింది, ఫ్రిజ్ మీద అంటించే బిళ్ల మీద వచ్చింది, ఓవెన్ గ్లౌజుల మీద కూడా వచ్చింది. ఆవిడ ఎటు తిరిగినా చింతపడొద్దనే ఆజ్ఞే! ఇంత జరిగాక కూడా చింతపడిందంటే మనిషి ఎంత మొండిదో మీరే చెప్పండి.

పరామర్శకు వెళ్లినవాళ్లు ఊరికే పోలేదు. తలా ఒక రోగనిర్ధారణ పట్టుకెళ్లారు. ఒకరు పంచదార వల్లనన్నారు, ఒకరు కాఫీ వల్లనన్నారు. కాఫీ వల్లనన్న ఆవిడ ఆ మాట మూడో కప్పు తాగుతూ చెప్పింది. ఒకరు మాత్రం గొంతు తగ్గించి, “ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోమ్మా” అన్నారు. టోరున్ పాపం వెతికింది. వారమంతా వెతికింది. పక్కింటివాళ్ల పిల్లిని విసుక్కోవడం తప్ప ఇంకేమీ దొరకలేదట. దొరకనందుకు మళ్లీ గాభరా!

పెద్దవాళ్ల బుధవారం ప్రార్థన కూటం గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. అందరం కళ్లు మూసుకుంటాం. ఆర్న్‌ఫిన్ పెద్దాయన లేచి ప్రభువుకు సమాచారం అందిస్తాడు.

“ప్రభువా, మా టోరున్ మంగళవారం మంగళవారం పట్నం ఎందుకు పోతోందో నీకు తెలుసు. మందుల షాపులోంచి ఆ తెల్ల సంచీ ఎందుకు తెచ్చుకుందో నీకు తెలుసు. ఆమె భర్త హెల్గె ఈమధ్య సోఫా మీద పడుకుంటున్నాడని కూడా నీకు తెలుసు…”

ప్రభువుకు తెలుసు. మాకే తెలియదు! అక్కడికక్కడ తెలిసిపోయింది. ఇంత మేలు చేసే జబ్బును శాపమంటారా?

ఒక్క విబెకె మాత్రం ఏమీ ఇవ్వలేదు. దిండూ లేదు, కప్పూ లేదు. టోరున్ సిగ్గుపడుతూ, “నేను ప్రార్థన కూడా చేసుకుంటానండీ, మీకు అభ్యంతరమా?” అని అడిగితే, “నాకెందుకమ్మా అభ్యంతరం? కాకపోతే ప్రార్థించేటప్పుడు ఊపిరి పీల్చుకోవడం మర్చిపోతున్నారు. అది కాస్త చూసుకోండి” అందట. దాంతో టోరున్ ఊపిరి లోపలికి తీసుకుంటూ “ప్రభువా” అనీ, వదులుతూ “నాతో ఉండు” అనీ అనుకోవడం మొదలుపెట్టింది. అలా అనుకుంటూనే ఒకరోజు సొరంగం దాటింది. అవతల కారు ఆపుకుని ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చింది.

ప్రార్థన మానెయ్యమని విబెకె ఒక్కసారీ అనలేదు. విబెకెను మానెయ్యమని మాత్రం మా మందిరంలో వారానికి నలుగురైనా చాటుగా అన్నారు.

ఈ సొరంగం వార్త మా స్త్రీల సమాజం అధ్యక్షురాలు బోర్గిల్డ్ చెవిన పడింది. బోర్గిల్డ్ అంటే మైకు అక్కర్లేని గొంతు, కిందటేడు మార్పించుకున్న మోకాలు. వెంటనే టోరున్ ఇంటికి వెళ్లి, వంటింటి బల్ల ముందు కూర్చుని, శరదృతువు కూటంలో సాక్ష్యం చెప్పమంది.

“నాకింకా తగ్గలేదు కదక్కా?”

“ఆదివారానికల్లా తగ్గుతుందిలే. ఇంకా రెండు వారాలుంది.”

మా మందిరంలో సాక్ష్యానికొక పద్ధతుంది. ముందు కష్టం, తర్వాత కన్నీళ్లు, ఆఖర్న విజయం, ఆపైన కాఫీ. విజయం రాకపోతే కాఫీ ఎప్పుడు పొయ్యాలో వంటింట్లో వాళ్లకు అర్థం కాదు. అందుకని బోర్గిల్డ్ సాక్ష్యాన్ని ముందుగానే విని, దగ్గరుండి బాగు చేసింది.

“విబెకె అనకు. ‘ఒక స్నేహితురాలు’ అను.”

“సరే.”

“మాత్రలనకు. ఎందుకొచ్చిన గొడవ? ‘సహాయం’ అను చాలు.”

“మీ మోకాలికి డాక్టరు కత్తి పెట్టాడని అందరికీ చెప్పారు కదక్కా?”

“మోకాలు వేరు, ఇది వేరు. మోకాలికి విశ్వాసమేంటే పిచ్చిదానా!”

టోరున్ దానికీ సరేనంది. అంతమంది ముందు నిలబడటమే పెద్ద సంగతి, అక్కడ ఏ మాట అంటే ఏముందిలే అనుకుంది.

ఆ వారంలోనే కూతురు సిన్నోవ సంగతి బయటపడింది. పిల్లకు పదిహేనేళ్లు. స్కూలుకు కట్టిచ్చిన బ్రెడ్డు ముక్కలు కట్టినవి కట్టినట్టే తిరిగొస్తున్నాయి. ఒక మధ్యాహ్నం బాత్‌రూము తలుపు అవతల ఎగశ్వాస వినిపించింది. టోరున్‌కు ఆ చప్పుడేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు తీయించి, పిల్లను నేల మీదే ఒళ్లోకి లాక్కుంది.

“ఎప్పట్నించే?”

“ఎండాకాలం నించి.”

“నాకెందుకు చెప్పలేదు తల్లీ? డాక్టరు దగ్గరికి వెళ్దాం పద.”

“వద్దమ్మా. ప్రార్థన చేస్తున్నా కదా. నీకు ప్రార్థనతోనే తగ్గిపోయిందని బోర్గిల్డ్ పెద్దమ్మ అందరికీ చెబుతోంది. నేను సరిగ్గా చెయ్యట్లేదేమో. ఇంకా గట్టిగా చేస్తాలే.”

టోరున్‌కు తన దాపరికం ఎంత దూరం వచ్చిందో అప్పుడర్థమైంది. తాను మంగళవారాలు ఎక్కడికి వెళ్తోందో పిల్లకు తెలియకూడదని ఇన్నాళ్లూ షాపింగు అని చెప్పింది. కాదమ్మా, నేను కూడా డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని అప్పుడు చెప్పినా పిల్ల నమ్మలేదు. తన్ను ఊరడించడానికి అమ్మ అల్లిన అబద్ధమనుకుంది. ఊరంతా ఒక మాట చెబుతుంటే అమ్మ ఒక్కతి మాట ఎవరు నమ్ముతారు? ఆ మాట మందిరంలోనే, అందరి ముందే చెప్పాలి. అప్పటికి గానీ పిల్ల తల వంచుకోవడం మానదు.

ఆదివారం వచ్చింది. గాభరా మాత్రం ఎక్కడికీ పోలేదు. షెడ్యూలు పాటించని జబ్బు!

మందిరం కిటకిటలాడుతోంది. వంటింట్లోంచి వాఫుల్స్ వాసన వస్తోంది. సిన్నోవ మూడో వరసలో తండ్రి పక్కన కూర్చుంది. టోరున్ లేచి నిలబడింది. కష్టం చెప్పింది, బాగానే ఉంది. కన్నీళ్ల దాకా వచ్చింది, ఇంకా బాగుంది. విజయం దగ్గరికి వచ్చేసరికి గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి. తలుపు కేసి చూసింది. పారిపోదామనే అనుకుంది.

పారిపోలేదు. ఇలాంటప్పుడు కళ్లకు కనిపించే ఐదింటి పేర్లు పైకి చెప్పమని విబెకె నేర్పింది. టోరున్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

“నాకు… ఒక కిటికీ కనిపిస్తోంది.”

“ఆమెన్!” అన్నాడు ఆర్న్‌ఫిన్. ఆయన దర్శనం అనుకున్నాడు. మేమందరం అలాగే అనుకున్నాం.

“ఒక కాఫీ ఫ్లాస్కు కనిపిస్తోంది.”

“స్తోత్రం!” అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. ఫ్లాస్కుకు ఆత్మీయమైన అర్థం ఏమై ఉంటుందా అని నేను కూడా ఆలోచనలో పడ్డాను.

“ఆర్న్‌ఫిన్ పెద్దాయన బూటు లేసు కనిపిస్తోంది. ఊడిపోయింది.”

ఆర్న్‌ఫిన్ ఆమెన్ అనబోయి వంగి చూసుకున్నాడు.

“బోర్గిల్డక్క మోకాలు కనిపిస్తోంది. మా సిన్నోవ కనిపిస్తోంది.” అక్కడ ఆగి, నెమ్మదిగా ఊపిరి వదిలింది. “ఇది నాకు విబెకె నేర్పింది. విబెకె స్నేహితురాలు కాదు, నా సైకాలజిస్టు. రోజూ పొద్దున మాత్ర వేసుకుంటాను. రోజూ ప్రార్థన చేసుకుంటాను. ఇంకా తగ్గలేదు. తగ్గకుండానే వచ్చాను. ప్రభువు నన్ను తగ్గాకే రమ్మని ఎప్పుడూ అనలేదు. అదే నా సాక్ష్యం.”

ఒక్క ఆమెన్ కూడా రాలేదు. విజయం ఎక్కడా? పాట ఎత్తుకోవాలా, కాఫీ పొయ్యాలా? వంటింట్లో వాఫుల్ మాడింది. చివరికి బోర్గిల్డ్ గొంతు సవరించుకుని, “కాఫీ సిద్ధంగా ఉంది” అంది.

సిన్నోవ మాత్రం తలెత్తి అమ్మను చూస్తోంది.

ఇప్పుడు అసలు చిత్రం వినండి. టోరున్ వంటింట్లో కప్పులు కడుగుతుంటే ఒక్కొక్కరే వచ్చారు. తువ్వాలు అందుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

“టోరున్, మా చుట్టాలావిడ ఒకావిడ ఉంది, స్టవాంగర్‌లో. పాపం నిద్రపట్టదట. ఆ విబెకె నంబరు ఇస్తావా?”

ఇంకొకరు వచ్చారు. ఆవిడకూ ఒక చుట్టాలావిడే. ఇంకొకరికీ అంతే. ఆర్న్‌ఫిన్ లేసు కట్టుకుని మరీ వచ్చి తమ్ముడి కోసమన్నాడు. ఆయనకు తమ్ముళ్లు లేరు.

సోమవారం పొద్దున్నే టోరున్ కూతురి కోసం విబెకె ఆఫీసుకు ఫోన్ చేసింది. పిల్ల పక్కనే నిలబడి తనే చెయ్యమంది. రిసెప్షన్ అమ్మాయి నొచ్చుకుంటూ, “ఈస్టర్ దాకా ఖాళీ లేదండీ. మీ వైపు ఏమైందో గానీ, లైను తెరిచినప్పట్నించీ ఒకటే ఫోన్లు” అంది.

చూశారా మా వాళ్ల చురుకు! పాపం వెతుక్కోమన్నవాళ్లు, కాఫీ మానమన్నవాళ్లు, దిండ్లు కుట్టినవాళ్లు, అందరూ క్యూలో పిల్లకంటే ముందు! సిన్నోవ స్కూలు సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది. టోరున్ ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దుఃఖం కంటే కోపమే ఎక్కువొచ్చింది.

మర్నాడు బోర్గిల్డ్ వచ్చింది. కోటు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

“పిల్లకు చోటు దొరకలేదటగా. హెల్గె చెప్పాడు.”

“ఈస్టర్ తర్వాతట.”

“మా చుట్టాలావిడకి ఈ గురువారం ఇచ్చారు. ఆవిడకి కాస్త నయంగా ఉందిలే. ఆగగలదు. ముప్పై ఏళ్లుగా ఆగుతూనే ఉంది.” బోర్గిల్డ్ చేతిసంచీ తెరిచి మూసింది. “పిల్లను తీసుకెళ్లు. అన్నట్టు, ఊపిరి వదిలేటప్పుడు ఏమనుకోవాలన్నావ్?”

టోరున్ చెప్పింది. బోర్గిల్డ్ అక్కడే, గుమ్మంలోనే, ఒకసారి అనుకుని చూసింది. తర్వాత టోరున్ ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చి, కోటు విప్పించి, కూర్చోబెట్టింది.

గురువారం తల్లీకూతుళ్లు కలిసి వెళ్లారు. పిల్లకు ఇప్పుడే తగ్గిపోయిందని నేను చెప్పను. బ్రెడ్డు ముక్కలు సగం తింటోంది.

కాబట్టి పాఠకులారా, గాభరా సంఘానికి గొప్ప ఆశీర్వాదమన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. నా ఫిర్యాదు ఒక్కటే. మా అందరికీ స్టవాంగర్‌లో ఒక చుట్టాలావిడ ఉంది. నాకూ ఉంది. ఇన్నేళ్లలో ఆవిణ్ణి ఒక్క ఆదివారమైనా మందిరానికి వెంటబెట్టుకు రావాలని మాలో ఒక్కరికీ తోచలేదు.