నాలుగు వేల కవర్ల త్యాగం

ఇంటికి సరుకులు తెచ్చుకునే ప్లాస్టిక్ కవర్లను ప్రజలు స్వచ్ఛందంగా త్యాగం చేయాలనీ, అందరికంటే ఎక్కువ త్యాగం చేసిన ఊరికి బోరు వేయిస్తాననీ 1987 వేసవిలో గృహవినియోగ వస్తు పొదుపు శాఖ మంత్రిగారు అనంతపురంలో ప్రకటించారు. ఆ శాఖ పుట్టి అప్పటికి పదకొండు రోజులు. పురిటి స్నానం కాకముందే ఇంత దూరదృష్టి మరే శాఖకూ రాలేదని వక్తలు కొనియాడారు.

ఆ కబురు నల్లమాడ దగ్గరి ఎర్రగుట్టపల్లికి వచ్చేసరికి పీరాంబీ నెత్తిన బిందె పెట్టుకుని పక్క ఊరి నుంచి నీళ్లు మోసుకొస్తోంది. రెండు మైళ్లు. సొంత ఊరి బావి ఎండి మూడేళ్లయింది. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు కుట్టుమిషనే ఆధారం. పాత ప్యాంట్లతో ఆమె కుట్టిన సంచి పదేళ్లయినా చిరగదు. సంచులు చిరగవు కాబట్టి కొత్త బేరాలూ అంతంతమాత్రమే.

మరునాడు ఆమె ఉప్పు కోసం వీరప్ప అంగడికి పోతే అక్కడ మండలం ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు గంగాధరప్ప ఫారాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా వీరప్పా, దినానికి ఎన్ని కవర్లు ఇస్తాండావు?"

"యాటి కవర్లు సార్?"

"ప్లాస్టిక్‌వి."

"అనంతపురంలో చూసినా. మా ఊరికి ఇంగా రాలేదు."

ఆఫీసరు ముఖం మాడిపోయింది. "మరి పప్పు ఎట్ల ఇస్తావు?"

"కాగితంలో పొట్లం కడతా."

"బెల్లం?"

"మోదుగాకులో."

"నూనె?"

"ఎవురి బుడ్డి వాళ్లే తెచ్చుకుంటారు."

గంగాధరప్ప కలం మూత పెట్టేశాడు. "ఇట్లయితే మీ ఊరు ఫెయిలే. 'ప్రస్తుత వినియోగం' కాలమ్‌లో సున్నా ఉంటే 'త్యాగం' కాలమ్‌లో ఏం రాసేది నేను?"

పీరాంబీ మధ్యలో కల్పించుకుంది. "సార్, మొదుట్నుంచీ వాడనోళ్లకి బోరు ఇయ్యరా?"

"వాడనోళ్లకి స్కీము లేదమ్మా. మానేసినోళ్లకే ఉండాది."

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. బిందె బరువుకు రాత్రంతా లాగిన మెడ అది. "అట్లయితే ముందు వాడేది మొదులు పెట్టి, ఆమైన మానేస్తాం లే సార్" అంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక స్కీమును ఇంత లోతుగా అర్థం చేసుకున్న మనిషిని గంగాధరప్ప చూడలేదు. అక్కడికక్కడే ఆమెను గ్రామ త్యాగ కమిటీకి కన్వీనరును చేశాడు.

ఊరంతా చందాలు వేసుకుంది. పీరాంబీ బస్సెక్కి అనంతపురం పోయి నాలుగు వేల కవర్లు తెచ్చింది. వాటిని తన గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చింది. బస్సు దగ్గర ఎదురుచూస్తున్న ఆఫీసరు అది చూసి కంగారుపడ్డాడు. "దాన్ని లోపల దాచిపెట్టుమ్మా! పైవాళ్లు చూస్తే ఊరికి ప్లాస్టిక్ అలవాటు లేదని పట్టేస్తారు."

తర్వాత రచ్చకట్ట మీద శిక్షణ శిబిరం జరిగింది. కవరు మూతి ఎలా ఊది తెరవాలో ఆఫీసరే స్వయంగా ఊది చూపించాడు. ఆ రోజు నుంచి వీరప్ప అగ్గిపెట్టెకు ఒక కవరు, తమలపాకుకు ఒక కవరు ఇచ్చాడు. మారెమ్మవ్వ ఒక్క కోడిగుడ్డును కవరులో వేయించుకుని, నలుగురూ చూడాలని ఊరు చుట్టూ తిరిగి ఇంటికి పోయింది. వీరప్ప బర్రె రెండు కవర్లు మింగింది. రెండు తగ్గాయని ఆఫీసరు బాధపడ్డాడు. బర్రె గురించి వీరప్ప బాధపడ్డాడు.

నెల తిరిగేసరికి ఊళ్లో ఎవరి చేతిలోనూ గుడ్డసంచి కనపడలేదు. ఉత్త చేతులూపుకుంటూ అంగడికి పోవడంలో ఇంత సుఖముందని జనానికి అప్పుడే తెలిసింది. పీరాంబీ మిషను మీద దుమ్ము పేరుకుంది. బోరు పడితే చాలు, మిషను సంగతి తర్వాత చూసుకోవచ్చని ఆమె తనకు తాను చెప్పుకుంది.

త్యాగాన్ని కళ్లారా చూడటానికి మంత్రిగారు వచ్చే ముందు రోజు కవర్లు వెనక్కి అడగబోతే అసలు చిక్కు వచ్చింది.

"నేనియ్యను" అంది మారెమ్మవ్వ. "దీంట్లో నా పట్టుచీర పెట్టుకున్నా."

"అవ్వా, నీళ్లు ఒద్దా నీకు?"

"నీళ్లకి నువ్వు పోతాండావు కదే!"

పీరాంబీ గడపగడపకూ తిరిగి బతిమాలింది. చీరలూ, రేషను కార్డులూ, చింతపండూ బయటికి తీయించి ఒక్కొక్క కవరే పోగేసింది. ఆ ఊళ్లో త్యాగమంటూ జరిగితే ఆ పూటే జరిగింది.

పొద్దున్నే బడి ముందు కవర్లన్నీ కొండలా పోశారు. పైన రాళ్లు పెట్టమని పీరాంబీ చెప్పింది. ఆమె పెట్టించిన రాళ్లను, మంత్రిగారి ఫోటోలో త్యాగం మీద రాళ్లుంటే బాగుండదని ఆఫీసరు తీయించేశాడు.

అది ఆషాఢం. ఆ గాలికి మనుషుల నెత్తి మీద తలగుడ్డలే నిలవవు. కారు దుమ్ము దూరంగా కనపడిన క్షణానే గాలి ఒక్క విసురు విసిరింది. నాలుగు వేల కవర్లు బుస్సుమని లేచి, ఊరు దాటి, ఎండిన చేలల్లో పోయినేటి కంది కట్టెలకూ తుమ్మ కంపలకూ ఒక్కొక్కటిగా తగులుకున్నాయి. గంగాధరప్ప రెండు చేతులూ చాచి కొంతదూరం పరుగెత్తాడు. తర్వాత ఉద్యోగం గుర్తొచ్చి కారు వైపు తిరిగాడు.

మంత్రిగారు కారు దిగి, నల్లకళ్లద్దాలు సర్దుకుని, చేల వైపు చూసి ఆగిపోయారు.

"ఏమిటయ్యా అది, అంతా తెల్లగా?"

గంగాధరప్ప చేతులు కట్టుకున్నాడు. "పత్తి సార్."

ఆషాఢంలో పత్తికాయ పగలదని అక్కడున్న ప్రతి రైతుకూ తెలుసు. మంత్రిగారు అలాంటి చిన్న విషయాల్లోకి దిగే మనిషి కారు.

"ఇంత కరువులో ఇంత పత్తా! మరి ప్లాస్టిక్ ఏదయ్యా?"

"ఊళ్లో ఒక్క కవరు కూడా లేదు సార్. అంతా త్యాగం."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. అప్పుడు పీరాంబీ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "సార్, అది పత్తి కాదు. మాకు నీళ్లు ల్యావు. బోరు ఏపిస్తామంటిరి..."

"చూశారా ఈ తల్లి వినయం!" అన్నారు మంత్రిగారు మైకులో. "ఇంత పండించీ పత్తి కాదంటోంది. బోరు లేకుండానే ఇంత పండించినవాళ్లకు ఇక బోరెందుకమ్మా? ఏమీ పండనివాళ్లకు ఇద్దాం."

చప్పట్లు కొట్టమని ఆఫీసరు సైగ చేశాడు. కొట్టారు. ఏమీ పండని చోటు కోసం శాఖ జిల్లా అంతా గాలించి, చివరికి మంత్రిగారి బావమరిది తోటను గుర్తించి అక్కడ బోరు వేసింది.

పదిహేను రోజుల్లో కాగితం వచ్చింది. పత్తి విస్తారంగా పండినందున ఎర్రగుట్టపల్లిని కరువు గ్రామాల జాబితా నుంచి తొలగించారట. కరువు పనులు ఆగిపోయాయి. వారానికి ఒకసారి వచ్చే నీళ్ల ట్యాంకరు కూడా ఆగిపోయింది. బర్రెలు తినకుండా పీరాంబీ కంపల మీది కవర్లు ఏరుతూ ఉంటే ఒకనాడు జీపులోంచి ఒక పెద్దమనిషి దిగాడు. పత్తి పరిశోధకుడు, పేరు బాలప్ప. దగ్గరి చూపు బొత్తిగా ఆనని మనిషి.

"నీళ్లు లేకుండా ఆషాఢంలో పగిలే రకం ఇదేనామ్మా? ఎన్ని తడులు ఇచ్చినారు?"

"ఒక తడి కూడా ఇయ్యలేదు సార్."

"పురుగు పట్టదా?"

"పురుగు దీన్ని మూతితో కూడా ముట్టదు."

ఆయన కంప మీది కవరును వేళ్ల మధ్య నలిపి చూశాడు. మెత్తదనం మెచ్చుకున్నాడు. నోటుబుక్కు తెరిచాడు. "కోసినాక మళ్లీ విత్తాల్నా? ఎన్నాళ్లుంటుంది చెట్టున?"

పీరాంబీ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వూ నేనూ మట్టిలో కలిసిపోయినా ఇది కలవదు సార్. నీ మనవండ్లు ముసలోళ్లయినా ఇట్లే ఉంటాది."

బాలప్ప ఆనందం పట్టలేకపోయాడు. 'బహువార్షికం' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.