తాడు పట్టిన వరస

మాలకొండయ్యకు పెంచలప్రసాద్ మీద ఉన్న మంట ఒక్కటే. ఆ మనిషి ఎవరికీ కాదని చెప్పడు. కాలువ పనుల్లో టెక్నికల్ అసిస్టెంటు. ఇంజనీరు మాట రైతుకు, రైతు మాట ఇంజనీరుకు చేరవేయడమే అతని కొలువు. ఇంజనీరు హరినాథ్‌తో "సరే సార్" అంటాడు, రైతుతో "సరే అన్నా" అంటాడు. ఆ రెండు సరేలూ ఎక్కడా కలుసుకోవు.

దొరవారిసత్రం దగ్గర మాలకొండయ్యకు ఉన్నది ముక్కాలెకరం. దాని గట్టుకు అవతల, ప్రభుత్వ జాగాలో, మురుగు కాలువ కోసం పెంచలప్రసాద్ ఎర్రరంగు కొయ్యలు పాతి వెళ్లాడు. ఆ ఉదయం మాలకొండయ్య అనుకున్నది చిన్న పని. ఎండ ముదరకముందే కోత అయిపోవాలి, వడ్లు నాయుడుపేట మిల్లుకు చేరాలి. కోత మిషను వచ్చింది. కొయ్యలు దారికి అడ్డం. ఫోన్ చేశాడు.

"ప్రసాదూ, కొయ్యలు అడ్డంగా ఉండాయి. పీకి పక్కన పెట్టేదా?"

పెంచలప్రసాద్ అప్పుడు మీటింగులో హరినాథ్ పక్కన నిలబడి ఉన్నాడు. సార్ మాట్లాడుతుంటే ఆ ఆఫీసులో కిందివాడు ఫోన్‌లో రెండో మాట ఆడకూడదు. "సరే అన్నా" అని పెట్టేశాడు.

సర్కారు సొత్తు పోతే తన మీదికి వస్తుందని మాలకొండయ్య భయం. గట్టు మీద పడేస్తే ఎవరైనా పొయ్యిలోకి పట్టుకుపోతారు. అందుకని కోసిన మడిలోనే, గట్టుకు ఇరవై అడుగులు లోపల, నాట్లకు పట్టే తాడు లాగి వరసగా పాతాడు. భద్రంగా ఉన్నాయని ఫొటో పంపాడు. ఫొటోలో గట్టు పడలేదు. పెంచలప్రసాద్ బొటనవేలి బొమ్మ పంపి, కొయ్యలు పాతే పని అయినట్టు ఆ ఫొటోను హరినాథ్‌కు పంపాడు. హరినాథ్ దాన్ని పొక్లెయిన్ డ్రైవరుకు పంపాడు.

సాయంత్రం వడ్లు దించి వచ్చేసరికి మడిలో కాలువ ఉంది.

"కొయ్యలు ఎట్టుంటే అట్టనే తవ్వినా," అన్నాడు డ్రైవరు.

కబురందుకుని పరుగున వచ్చిన పెంచలప్రసాద్ గట్టు మీద కూలబడ్డాడు. రేపు సార్ వస్తారనీ, పూడ్పించమని తనే అడుగుతాననీ, అంతవరకు నోరు మెదపొద్దనీ మాలకొండయ్యను బతిమాలాడు.

మర్నాడు హరినాథ్ కాలువ వెంట చివరిదాకా నడిచి వచ్చాడు. పెంచలప్రసాద్ "సార్, చిన్న విషయం" అని మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడుసార్లూ అక్కడే ఆగాడు.

"ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత తిన్నగా ఉన్న లైను చూళ్లేదయ్యా. ఎవరు పెట్టింది?" అన్నాడు హరినాథ్.

మాలకొండయ్య పని బాగుందన్న ఆఫీసరు ఇంతవరకు పుట్టలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనే సార్. తాడు పట్టినా."

హరినాథ్ ముచ్చటపడి పుస్తకం తీశాడు. "రైతు ఇష్టపడి తన భూమిలో చోటు చూపించాడని రాస్తున్నా. సరేనా ప్రసాద్?"

పెంచలప్రసాద్ మాలకొండయ్య ముఖం చూశాడు. తర్వాత సార్ ముఖం చూశాడు.

"సరే సార్."

జీపు వెళ్లిపోయింది. కాలువలో ఊరిన నీళ్లలో నిన్నటి వరి దుబ్బులు వేళ్లతో సహా తేలుతున్నాయి. మాలకొండయ్య తాడు చుట్టుకుని భుజాన వేసుకున్నాడు. ఒక్క వంకర లేకుండా పోయింది, పద్నాలుగు సెంట్లు.