నీలం మూతలో కాపురం

ఆ రోజు ఉదయం ఆరింటికల్లా స్టోరుకీపరు ప్రయాణపు సంచిని మంచం మీద బోర్లించి, సామానంతా వరుసగా పేర్చి, చేతిలో కాగితంతో నిలబడ్డాడు. ఆసుపత్రి మందుల గదిలో ఇరవై ఆరేళ్ళుగా దూది, సూదులు, సిరంజీలు లెక్కపెట్టిన మనిషి ఆయన. ఇంట్లో చెంచాలు కూడా ఆయన లెక్క తప్పించుకుని ఎక్కడికీ పోలేవు. "తువ్వాళ్ళు మూడు. నీళ్ళ సీసాలు రెండు. సీసాల మూతలు రెండు..." అని పైకి చదువుతుంటే, చెప్పులు వేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్న భార్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సీసా అంటే మూతతో కలిపే కదండీ! మళ్ళీ విడిగా రాయడమెందుకు?"

"సీసా వేరు, మూత వేరు. మా స్టోర్లో మూత లేని సీసా చెత్తబుట్టకే. తెలియని విషయాల్లో మాట్లాడకు."

మాట్లాడితే ప్రయాణం ఎక్కడ ఆగిపోతుందోనని ఆమె భయం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో సముద్రం చూపిస్తానని ఆయన నాలుగుసార్లు మాటిచ్చాడు. నాలుగుసార్లూ ఏదో ఒక తనిఖీ అడ్డొచ్చింది. ఇప్పుడు వెళ్తున్నది ఒడ్డుకు దూరంగా ఉన్న ఒక దీవికి. దీవి నిండా రక్షిత అడవి, ఆ అడవి దాటితే అవతలి పక్క మనిషి అలికిడి లేని తెల్లటి ఇసుకతీరం. రోజుకు ఇరవై మందినే రానిస్తారు. అనుమతి కోసం ఆమె ఐదు నెలలు ఎదురుచూసింది. అది చేతికొచ్చిన రోజున మొగుణ్ణి ఒక్కటే కోరింది.

"నీళ్ళ అంచున ఒక్క గంట కూర్చోవాలి. మీరు నా పక్కన కూర్చోవాలి. ఏదీ లెక్కపెట్టకూడదు. అంతే."

"సరే" అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయనకు భార్య మీద ప్రేమ లేక కాదు, ఊరికే కూర్చోవడం చేతకాదు.

వాళ్ళతో బయలుదేరిన మూడో మనిషి అత్తగారు. డెబ్బై దాటిన ఆవిడకు కళ్ళజోడు లేకపోతే అల్లుడికీ అలమారకీ తేడా తెలియదు. పెట్టుకుంటే మాత్రం అల్లుడిలో తప్పులు మైలు దూరం నుంచి కనిపిస్తాయి.

పడవ దీవి చేరేసరికి తొమ్మిదయింది. రేవు పక్కనే అటవీశాఖ వారి చెక్కగది, అందులో ఒక బల్ల, బల్ల మీద రిజిస్టరు, దాని వెనక ఖాకీ చొక్కా వేసుకున్న ఒక గార్డు. చూడబోతే ముప్పై ఏళ్ళ అమ్మాయి, గొంతు మాత్రం హెడ్మాస్టరుది. అక్కడి పద్ధతి ఆమె అందరికీ వినిపించేలా చెప్పింది. లోపలికి వెళ్ళే ప్రతి ప్లాస్టిక్ వస్తువూ రాసుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు లెక్క సరిపోవాలి. దీవిలోని జీవిని గానీ, ఇసుక మీద గవ్వను గానీ బయటికి తీసుకెళ్ళకూడదు. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ కుటుంబం పేరు మీద ఎర్రగీత పడుతుంది, ఇక జన్మలో అనుమతి రాదు.

మిగతా ప్రయాణికులు ఈ మాటలకు నీరసపడ్డారు. స్టోరుకీపరుకు మాత్రం సొంత ఇంటికి వచ్చినంత హాయిగా ఉంది. గార్డు "సీసాలు రెండు" అని రాయగానే ఆయన ఉండబట్టలేకపోయాడు.

"మేడం, మూతలు విడిగా రాయాలి."

"అక్కర్లేదు సార్, మేం సీసాలే చూస్తాం."

"రేపు ఎవడో మూత అడవిలో పారేసి సీసా మాత్రం చూపించి పోతాడు. మీ రిజిస్టరు వాణ్ణి ఏం పీకగలదు? ఒక గడి గీయండి, నేను చెప్తాగా."

గార్డు ఆయన్ని ఎగాదిగా చూసింది. కాసేపు ఆలోచించి స్కేలు తీసింది. వెనక పదిహేడు మంది ఎండలో కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉండగా, రిజిస్టరులో మూతలకంటూ ఒక కొత్త గడి వెలిసింది. అందులో పడిన మొదటి అంకె స్టోరుకీపరుదే.

"భలే చెప్పారు సార్! ఇక మూత లేకుండా ఎవర్నీ గడప దాటనివ్వను" అంది గార్డు. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఎండలో నిలబడ్డవాళ్ళు ఆయన్ని చూసిన చూపు గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

అడవిలో అరగంట నడక. చెట్ల కింద పగలే చీకటిగా ఉంది, ఆకుల మీద తమ అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. తర్వాత ఉన్నట్టుండి చెట్లు అయిపోయి, ఎదురుగా సముద్రం కనిపించింది. తోటి ప్రయాణికులు తీరం పొడుగునా తలో దిక్కుకూ చెదిరిపోయారు. భార్య నిలబడిపోయింది. "ఏమండీ..." అంది. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, నీళ్ళ వైపు నాలుగడుగులు వేసి, ఆయన వస్తున్నాడా లేదా అని వెనక్కి తిరిగి చూసింది.

ఆయన వస్తూనే ఉన్నాడు. వస్తూ వస్తూ, అలవాటు చొప్పున, నీడలో చతికిలబడి నీళ్ళు తాగుతున్న అత్తగారి మీద ఒక చూపు వేశాడు. ఆవిడ చేతిలో సీసా ఉంది. దానికి మూత లేదు. చుట్టుపక్కల ఎక్కడా లేదు.

"అత్తయ్యగారూ, మూతేదీ?"

"ఏ మూత?"

"ఆ సీసా మూతండీ!"

"ఇక్కడే ఎక్కడో పెట్టాను బాబూ. ఎక్కడికి పోతుంది? దానికేమన్నా కాళ్ళొచ్చాయా?"

ఆవిడ ఆ మాట అని నోరు మూయకముందే, పదడుగుల దూరంలో ఒక నీలం మూత ఇసుక మీద తాపీగా నడిచి వెళ్తూ కనిపించింది.

స్టోరుకీపరు కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఒక్క ఉదుటున వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మూత కింద సన్నటి ఎర్రటి కాళ్ళు. కాళ్ళ పైన, పుల్లల చివర గుచ్చినట్టు రెండు కళ్ళు. ఆయన చెయ్యి చాచగానే అన్నీ లోపలికి మాయమై, ఒక చిన్న డెక్క మాత్రం తలుపులా అడ్డంగా నిలిచింది.

"దొరికింది! కానీ లోపల ఎవరో ఉన్నారు!" అని కేకేశాడు.

భార్య పొడి పాదాలతో వెనక్కి వచ్చింది. "దులిపేసి మూత తెచ్చుకోండి, త్వరగా రండి" అనబోయి, వంగి చూసింది. అంతే, మనసు కరిగిపోయింది. "అయ్యో, పీత పిల్లండీ! లాగకండి, నడుం తెగి చచ్చిపోతుంది."

"లాగకపోతే మనం చస్తాం. మూత వదిలేసి వెళ్తే లెక్క తగ్గుతుంది, ఎర్రగీత. దీన్ని మూతతో పాటు పట్టుకెళ్తే జీవిని ఎత్తుకెళ్ళినట్టు, అదీ ఎర్రగీతే."

"అసలా మూతల గడి గీయించింది ఎవరంటారు?"

ఆయన వంగి మూత మీది ఇసుక ఊదాడు.

దారి చూపింది అత్తగారే. "దానికి ఇల్లు లేక అందులో దూరింది బాబూ. నత్తగుల్లలు ఖాళీవి నాలుగు చూపించు, నచ్చితే అదే మారుతుంది. అలాంటి కొంపలో ఇష్టపడి ఎవరుంటారు?" అంటూ ఆవిడ అల్లుడి వంక ఒకసారి, కూతురి వంక ఒకసారి చూసింది.

గుల్లల వేట మొదలైంది. ఆమె గుల్లలు ఏరింది, ఆయన వాటిని చిన్నది మొదలు పెద్దది దాకా మూత చుట్టూ వరుసగా పేర్చాడు. పదకొండు. పేర్చి బోర్లా పడుకున్నాడు. పీత బయటికి రాలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది. భార్య చేతులు గుల్లల కోసం ఇసుక తవ్వుతున్నాయి గానీ, ప్రాణమంతా సముద్రం మీదే ఉంది. ఐదు నెలల ఎదురుచూపు ఇలా ఒక సీసా మూత పాలవుతోందని ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ పీత అంత చిన్నది కాకపోయి ఉంటే ఏడ్చేదే.

సరిగ్గా అప్పుడే గార్డు గస్తీకి వచ్చింది. ఆమెకు కనిపించింది ఏమిటంటే, పొద్దున తనకు నీతులు చెప్పిన పెద్దమనిషి బోర్లా పడుకుని ఉన్నాడు, ఆయన ముందు సైజుల వారీగా పదకొండు గుల్లలున్నాయి, పక్కన భార్య పన్నెండోది తవ్వుతోంది.

"లేవండి! గుల్లల దొంగతనమా? మూతల గురించి అంత ఉపన్యాసం ఇచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది!" అని ఈల ఊదింది.

ఈలకు తీరంలో ఉన్న పదిహేడు మందీ పరిగెత్తుకొచ్చారు. మూడింటి పడవకు వేళ మించకముందే అందర్నీ తోలుకుపోదామని వచ్చిన పడవవాడు కూడా చేరాడు. స్టోరుకీపరు విషయం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. నమ్మడానికి అక్కడ ఒక మూత తప్ప ఏమీ లేదు.

"లోపల పీత ఉంది మేడం, ఒట్టు. మనుషులు నిలబడి ఉంటే భయపడి రావడం లేదు. అందరూ కదలకుండా పడుకుంటే వస్తుంది."

గార్డు పళ్ళు పటపటలాడించింది. "అలాగా? అందరూ పడుకోండి. రాకపోతే అప్పుడు చెప్తా ఈయన సంగతి."

ఇరవై మంది ప్రయాణికులు, పడవవాడు, గార్డు, మొత్తం ఇరవై రెండు మంది ఆ నిర్మానుష్యమైన తీరాన, మూత చుట్టూ గుండ్రంగా బోర్లా పడుకున్నారు. ఐదు నిమిషాలయ్యాక మొదట ఒక కాలు, తర్వాత ఒక కన్ను బయటికొచ్చాయి. అందరూ ఊపిరి బిగబట్టారు. పీత మొదటి గుల్ల దగ్గరికి వెళ్ళి, డెక్క లోపల పెట్టి తడిమి, నచ్చక రెండోదాని దగ్గరికి నడిచింది.

"గాలీ వెలుతురూ చూసుకుంటోంది" అన్నాడు పడవవాడు.

"మూడోది చిల్లుది, తీసుకోకే తల్లీ, వానకు కురుస్తుంది" అంది అత్తగారు.

"ష్! అది ఆలోచించుకుంటోంది!" అంది గార్డు. గుల్లల దొంగతనం సంగతి ఆమె పూర్తిగా మరిచిపోయింది.

ఎంతసేపు గడిచిందో ఎవరూ చూసుకోలేదు. పోటు మొదలై సముద్రం మెల్లగా పైకి వస్తోందని కూడా గమనించలేదు. ఉన్నట్టుండి భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన తల తిప్పాడు. ఒక పల్చటి అల ఇసుక మీదుగా పాకి వచ్చి ఆమె అరికాళ్ళను తాకి, మడమలు ముంచి, నురగ వదిలి వెనక్కి పోయింది. ఇంకొకటి వచ్చింది. ఆమె చెంపకు ఇసుక అంటుకుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతోంది. ఆయన చూస్తూ ఉండిపోయాడు. చిన్నపిల్లలా ఉంది అనుకున్నాడు. ఈ మనిషిని ఇన్నేళ్ళూ గుమ్మంలో నిలబెట్టి చెంచాలు లెక్కపెట్టానే అని ఆయనకు సిగ్గేసింది.

"ఇప్పుడు ఎన్నో గుల్ల చూస్తోందండీ?" అని ఆమె గుసగుసగా అడిగింది.

"ఏమో" అన్నాడాయన.

ఆ మాట ఆయన నోట ఆమె ఇంతకుముందు వినలేదు. పట్టుకున్న మోచెయ్యి వదల్లేదు.

పీత తొమ్మిదో గుల్లకు మొగ్గింది. రెప్పపాటులో మూతలోంచి బయటపడి, వెనక్కి నడిచి, గుల్లలో దూరి సర్దుకుంది. ఇరవై రెండు మందీ లేచి చప్పట్లు కొట్టారు. స్టోరుకీపరు మూతను జేబులో వేసుకున్నాడు. "పడవండీ బాబూ! మూడయింది!" అని పడవవాడు గగ్గోలు పెట్టేసరికి అంతా అడవిలో పడి పరుగో పరుగు.

చెక్కగది దగ్గర గార్డు రిజిస్టరు తెరిచింది. "సీసాలు రెండు, సరే. మూతలు రెండు, సరే" అని టిక్కు పెట్టబోతుండగా, పక్కన ఆయాసపడుతున్న అత్తగారు చెమట తుడుచుకుందామని చేతిసంచిలోంచి రుమాలు తీసి దులిపింది. అందులోంచి నీలం మూత ఒకటి జారి బల్ల మీద టకటకమంటూ దొర్లింది.

"ఇదిగో, చెప్పలా? ఇసుక పడుతుందని నేనే భద్రంగా దాచాను!" అంది ఆవిడ సంతోషంగా.

పీత కాపురం పెట్టిన మూత ఎక్కడి నుంచో సముద్రం మోసుకొచ్చిందన్నమాట.

గార్డు పెన్ను గాల్లోనే ఆగింది. "ఒకటి ఎక్కువైంది సార్. పీత ఉన్న మూత దీవిలోది, బయటికి పోకూడదు. ప్లాస్టిక్కు, లోపలా ఉండకూడదు. తగ్గితే ఏం రాయాలో నాకు తెలుసు. పెరిగితే ఏం రాస్తారు? మీరే చెప్పండి, మీకు అనుభవం."

ఆయనకు అనుభవం ఉంది. స్టోర్లో సరుకు తగ్గితే అజాగ్రత్త, పెరిగితే నేరం. నివేదిక, విచారణ, అది తేలేదాకా పేరు మీద ఎర్రగీత. ఇదంతా ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. భార్య తడిసిన చీర అంచు పిండుకుంటూ, "పోనీలెండి, ఒకసారి చూశాంగా, చాలు" అంది. ఆ 'చాలు' ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది.

"మేడం, పొద్దున నేనే తప్పు లెక్కపెట్టాను. తెచ్చినవి మూడు మూతలు. రెండు కొట్టేసి మూడని దిద్దండి. పక్కన నేను సంతకం పెడతాను."

గార్డు ఆయన ముఖంలోకి చూసింది. ఆయన వెనక నిలబడ్డ ఆమె ముఖంలోకి చూసింది. ఏమీ అడగకుండా అంకె దిద్దింది. ఇరవై ఆరేళ్ళ లెక్కలో ఏనాడూ దిద్దుబాటు ఎరగని మనిషి, సంతకం చేసి, భార్య చెయ్యి పట్టుకుని పడవెక్కాడు.

ఆ తర్వాత పైఅధికారులు రెండుసార్లు వచ్చి ఆ రిజిస్టరును తనిఖీ చేసి వెళ్ళారు గానీ, రెండు సీసాలకు మూడు మూతలేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.