పాదరక్షా పరిత్యాగము అను సిరొంచ కోటగోడ విజయము

ఏ నది ఒక దరిని మహారాష్ట్రమును, వేరొక దరిని తెలంగాణమును చెరొక చంక నెత్తుకొని, ఎవరి జెండాను లెక్కచేయక గోదావరి వైపు తన పాటికి తాను సాగిపోవుచున్నదో, ఆ ప్రాణహితా తరంగిణీ తీరమున, అల్లపల్లి టేకువనముల నడుమ గుంతల మార్గమున దుమ్ము రేపుచు వచ్చు బస్సులు తమ ఇరుసుల ప్రాణములు అరచేత పట్టుకొని చేరుకొను సిరొంచ పట్టణమునందు, మాఘమాసపు ఎండ మనుష్యుల మాడుపై తొలి దెబ్బ తీసిన ఒకానొక ఆదివారమునాడు, ఉదయము పది గంటల ఐదు నిమిషములకు చరిత్ర మేల్కొనెను. మేల్కొని చూచుకొనగా తనపై ఎవరో షామియానా వేసియుండిరి.

వేసినవారు స్మృతిసంపద అను నగరవాసి సంస్థవారు. 'మన ఊరి చరిత్ర' అను పేర రెండు దినముల మహోత్సవమును వారు తలపెట్టిరి. కోటగోడ వరకు నడక ఉచితము. మట్టిబొమ్మల శిక్షణ ఉచితము. ముగ్గుల పోటీ ఉచితము. ప్రశ్నల పోటీ ఉచితము. ఈ ఉచితత్వమును వారు మూడు దినములు ఆటోపై మైకు కట్టి వీధివీధిని చాటించిరి. ఆ చాటింపులోనే సర్వానర్థమునకును బీజము పడినదని వారికి నేటికిని తెలియదు.

షామియానా ముందర, ఇస్త్రీ చొక్కాధారియు, కంఠసీమయందు 'గైడ్' అను ఫలకమును హారమువలె దాల్చినవాడును, తన వంశమున మొట్టమొదటి పట్టభద్రుడును, చరిత్రశాస్త్రమున ద్వితీయశ్రేణి విజేతయు అగు అజయ్‌కుమార్ నిలిచి, గడియారము చూచుచుండెను. ఏలనన, శనివారమునాడు మరాఠీలో రెండు నడకలును, హిందీలో రెండు నడకలును జరిగినవి. సిరొంచ ఇండ్లలోను, అంగళ్లలోను, పొలము గట్లమీదను నోరు తెరిచినచో వినవచ్చు తెలుగులో ఒక్కటియు జరుగలేదు. ఒక్కటి నాకు ఇయ్యుడని అతడు మూడు నెలలు ప్రాధేయపడగా, సంస్థ సమన్వయకర్త విలాస్ సారు ఒక నియమము విధించియుండెను. ఆదివారము పదకొండు గంటలకు ఇరువదిమంది నిలువవలెను. ఇరువదిమంది నిలిచిన తెలుగు నడక. పందొమ్మిదిమంది నిలిచిన మైకు ప్రశ్నల పోటీకి పోవును.

అట్టి అజయ్‌కుమార్ తల యెత్తి చూడగా, ఇరువది కాదు, నలువది ముగ్గురు ఒకే వరుసలో నిలిచియుండిరి. వీరుని నేత్రములు చెమర్చినవి. పరుగున చేరువకు పోయెను. పోయి చూచి కొయ్యబారెను.

ఆ సేన సాయుధమై యుండెను. ప్రతి హస్తమునందును ఆధార్ కార్డు జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫోటోలు, వానలకు తడిసి ఎండలకు ముడుచుకొనిన ఒక ప్లాస్టిక్ సంచి. వారి తప్పేమి? ఆ ఊరిలో షామియానా, మైకు, బల్ల, బల్లపై రిజిస్టరు, 'ముఫ్త్' అనగా ఉచితమను మాట, ఈ అయిదు శుభగ్రహములు ఒక్కచోట కూడినప్పుడెల్ల ఏదో ఒక పథకమునకు ఫారములు నింపుటయే జరిగినది గాని, చరిత్ర చెప్పుట ఏనాడును జరిగి యెరుగదు.

అప్పుడు అజయ్‌కుమార్ కుర్చీ యెక్కి, మూడు నెలలు కంఠస్థము చేసిన ప్రసంగమును మేఘగంభీర స్వరమున వినిపించెను.

"ఓ ప్రాణహితా తీరవాసులారా, వీరపూర్వుల వారసులారా, ఆలకింపుడు. నేడు మీకు లభింపనున్నది బియ్యము కాదు, బెల్లము కాదు. అంతకంటె మిన్నయైన ఆత్మచరిత్ర జ్ఞానము. శిథిలములై మూగవోయిన ఆ కుడ్యములు శతాబ్దములుగా మీ రాకకై నిరీక్షించుచున్నవి. లెండు, కదలుడు, నా వెంట నడువుడు."

నాటు వేయుటలో పద్దెనిమిదిమంది ఆడవారి ముఠాను ఒక్క కేకతో నడిపించు మడిరంగ సేనాని యాదక్క, కొంగుతో మొగము తుడుచుకొని బదులు పలికెను.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. జిరాక్సు ఒక్కటి సాల్తదా, రెండు పెట్టాల్నా?"

"జిరాక్సులు వద్దు పెద్దమ్మా. గిది స్కీము కాదు."

"మరి ఏంది?"

"కోటగోడ చూపెడ్త. దాని ముచ్చట చెప్త. గంతే. ముఫ్త్."

"ముఫ్తనే కదా వచ్చినం. మిషిన్ల వేలు పెట్టుడు గోడ కాడనా, గీడ్నేనా?"

అంత వరుసకు మొదటివాడు, పొద్దుపొడుపునకు ముందే వచ్చి స్థానము నాక్రమించిన శంకరన్న కదిలెను. పథకములచే పలుమార్లు వంచితుడై, ఏ మాటనైనను తిరగవేసి చూచుకొనుట నేర్చిన వృద్ధవీరుడతడు.

"పోరడు దాస్తున్నడే. పోయినపాలి గిట్లనే, ఏం లేదు పోండ్రి అన్నరు. మేం పోయినం. ఎన్క నిలవడ్డోళ్లకు దొరికింది."

"నీ మీద ఒట్టు శంకరన్నా, గీడ ఏం లేదు."

"ఒట్టు గూడ పెడుతుండంటె పెద్దదే ఉన్నది," అని శంకరన్న వెనుకవారికి చెప్పెను. ఆ మాట తోక వరకు పోవుసరికి వరుస మరింత బిగుసుకొనెను.

అజయ్‌కుమార్ నిజము చెప్పినకొలది నమ్మిక తరిగెను. మృదువుగా చెప్పెను, మభ్యపెట్టుచున్నాడనిరి. గట్టిగా చెప్పెను, బెదిరించుచున్నాడనిరి. చేతులు జోడించెను, పాపము ఇతనిపై పైవారి ఒత్తిడి యున్నదని జాలిపడిరి. ఇంతలో కాలపురుషుని వేషమున విలాస్ సారు వచ్చి, మరాఠీలో అడిగెను.

"ఎంతమంది అయ్యారు?"

"నలభై ముగ్గురు సార్."

"లైనులో కాదు. నడకకు."

అజయ్‌కుమార్ నేల చూచెను. "ఇంకా ఎవరూ లేరు సార్."

"పది నిమిషాలున్నాయి. తర్వాత మైకు క్విజ్‌కు ఇచ్చేస్తా. మీవాళ్లకు చరిత్ర మీద ఆసక్తి లేకపోతే నేనేం చేసేది?"

ఆ 'మీవాళ్లు' అను మాట బాణమై తగిలెను. మూడు నెలలు చదివిన మూడు పుస్తకములు, గోడ రాళ్లు లెక్కించుచు గడిపిన సాయంత్రములు, మన ఊరి సంగతి మన మాటలో మైకులో చెప్పెదనని ఇంటింటను పలికిన ప్రగల్భములు కన్నులముందు గిర్రున తిరుగగా, పట్టభద్ర శిరోమణి కుర్చీ దిగి, అదే కుర్చీపై కూలబడెను.

యాదక్క చూచెను. చూచి ముఠా వైపు తిరిగెను.

"అగో, పోరని ముఖం జూడుండ్రి, వాడిన వంకాయ లెక్కయింది. చెప్పులు పెట్టి పోయొద్దాం. ఆఫీసరు వచ్చేటాల్లకు మల్ల వస్తం."

ఇచట శ్రోతలకు ఒక ధర్మసూక్ష్మము విన్నవింపవలెను. ఆ సీమయందు వరుసలో మనిషి నిలువనక్కరలేదు. చెప్పులు నిలిచిన చాలును. జత చెప్పులున్నచోట ఆ మనిషి ఉన్నట్టే. వాటిని జరుపుట పరుల పొలము గట్టు జరుపుటతో సమానమైన పాతకము. ఈ శాసనము ఏ తాళపత్రమునందును లేదు, దీనిని అమలుపరచు పోలీసు పుట్టలేదు, అయినను ఇంత నిక్కచ్చిగా పాటింపబడు చట్టము ఆ జిల్లాలో వేరొకటి కానరాదు.

యాదక్క తన నీలి రబ్బరు చెప్పులను విడిచి, కొనలు బల్ల వైపు తిప్పి పెట్టెను. వెనువెంటనే ముఠాలోని పద్దెనిమిదిమందియు విడిచిరి. పట్టీ తెగి పిన్నీసుతో బతుకుచున్నవి కొన్ని, మడమ అరిగి జారుడుబండలైనవి కొన్ని, నిన్న సంతలో కొన్నవి ఒక జత. వారు పక్కకు తప్పుకొని నిలువగా అజయ్‌కుమార్ లేచి లెక్కించెను. మరల లెక్కించెను. యాదక్కతో కలిపి పందొమ్మిది.

గడియారమున మూడు నిమిషములు మిగిలెను. వీరుడు శంకరన్న ముందర నిలిచెను.

"అన్నా, జర నువ్వొక్కనివి రావే."

"నేన్ ఫస్టు నంబరుల ఉన్న."

"చెప్పులు పెట్టు. ఎవ్వలు జరుపరు."

"నువ్వు పెట్టినవా? నీ కాళ్లకు బూట్లు ఉన్నయ్. లైనుల లేనోని మాట నేనెందుకు ఇనాలె?"

అజయ్‌కుమార్ తన పాదములవైపు చూచెను. పట్టా అందుకొను దినమునకై అహేరి బజారున కొని, నాటినుండి వారమునకొకమారు మెరుగుపెట్టుచున్న నల్లతోలు బూట్లవి. పెట్టినచో పథకమున్నదని తానే సాక్ష్యమిచ్చినట్లగును. పెట్టనిచో తెలుగు నడక అడుగంటును. ధర్మము ఒకవైపు లాగెను, మైకు ఒకవైపు లాగెను. కడకతడు వంగి లేసులు విప్పి, వరుస తోకన, నలువది నాలుగవ స్థానమున బూట్లను నిలిపి, సర్వులు వినునట్లు పలికెను.

"పెట్టిన. గని మల్ల చెప్తున్న. గీడ ఏం ఇయ్యరు."

"ఇయ్యరు, ఇయ్యరు," అని శంకరన్న కన్నుగీటి, చెప్పులు విడిచి వచ్చెను.

విలాస్ సారు వ్రేలితో తలలు లెక్కించెను. ఇరువది. మైకు అందించెను.

అంతట బయలుదేరెను చెప్పులు లేని ఆ అనుపానహ సేన. తారురోడ్డు పెనమై కాగుచుండెను. అజయ్‌కుమార్ ముందు గంతు వేసెను. వెనుక ఇరువదిమంది గంతులు వేసిరి. దూరమునుండి చూచువారికి అది చరిత్ర యాత్రవలె గాక ఏదో మొక్కుబడి నృత్యమువలె తోచెను. కోటను చేరుసరికి కొందరి పాదములు ఎర్రబారినవి, అందరి నోళ్లును పదునెక్కినవి. ఆ శిథిలకుడ్యపు నీడ ఒకటిన్నర అడుగు వెడల్పు మాత్రమే యుండగా, ఇరువదిమందియు గోడకు వీపులు ఆనించి, పక్కవారి డొక్కలలో మోచేతులు దూర్చి, దానినే ఆక్రమించిరి. గైడునకు మాత్రము నీడ మిగులలేదు.

అతడు ఎండలో నిలిచి మైకు నోటికి చేర్చి "అందరికి నమస్తే" అనెను. ఆ తెలుగుమాట నదీతీరమంతయు మారుమ్రోగెను. మరుక్షణమే రేవున బట్టలు ఉతుకుచున్న దుర్గమ్మ తడిచీరతోనే పరుగెత్తుకొని వచ్చెను.

"ఎవల పోరి తప్పిపోయింది? ఏం రంగు గౌను?"

"ఎవ్వలు తప్పిపోలేదు చిన్నమ్మా. కోట ముచ్చట చెప్తున్న."

"మరి తెలుగుల చెప్తున్నవేందయ్యా? మైకుల మన మాట వస్తె, జాతరల పోరలు తప్పిపోయిండ్రనే కదా," అని నిట్టూర్చి, వచ్చినందుకు నీడలో తానును ఇరుకుకొనెను.

అరికాళ్లు కాలుచుండగా సమాసములు నిలువవు. కంఠస్థము చేసిన నలువది నిమిషముల ప్రసంగము గాలిలో కలిసిపోయెను. అజయ్‌కుమార్ ఒక కాలిపై నిలిచి, మరల రెండవ కాలిపై నిలిచి, నోటికి వచ్చినట్లు చెప్పెను.

"గీ గోడ ఎవలు కట్టిండ్రో నాకు పక్కా తెల్వది. మూడు పుస్తకాలు చదివిన, మూడు మూడు తీర్ల చెప్తున్నయ్. గని గీ గోడ లేసినప్పుడు అవతలి ఒడ్డు ఇంకో రాష్ట్రం కాదు. పడవ ఎక్కితె మేనత్త ఇల్లు. గీ రాష్ట్రాల గీత తర్వాత గీసిండ్రు. ఎవల్ని అడుగలే."

"గది నిజం," అనెను యాదక్క. "మా అవ్వగారిల్లు గా పక్కనే."

శంకరన్న గోడరాతిని చేత తట్టి చూచెను. "గీ రాళ్లు మోసినోళ్ల పేర్లు ఉన్నయా నీ పుస్తకాలల్ల?"

"లేవన్నా."

"ఉండయ్. కూలి మస్టర్ల ఎక్కించి గూడ పేర్లు కొట్టేస్తరు. గోడ మీద రాస్తరా?"

గైడు ఒక నిమిషము కాళ్లు మార్చుట మరచెను. తన మూడు పుస్తకములలో లేని ప్రశ్న అది.

అప్పుడే ఫోనుతో ఫోటోలు తీయుచు విలాస్ సారు చేరుకొనెను. గోడ క్రింద బారులు తీరిన నలువదికి పైబడిన బోడిపాదములను చూచి అతడు ఫోనును రెండు చేతుల పట్టుకొనెను. వంగి, మోకాళ్లపై కూర్చుండి, పాదములను మాత్రమే ఏడు ఫోటోలు తీసెను. తరువాత ఫారము తీసి, గోడకానించి నింపసాగెను. హాజరు, ఇరువది ఒకటి. నడక జరిగిన భాష అనుచోట నాలుగు గడులుండెను. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు, ఇతర. సారు నాలుగవ గడిలో చుక్క పెట్టెను.

అజయ్‌కుమార్ చూచెను. అరికాలి మంట తలకెక్కెను.

"సార్, తెలుగు అని రాయండి."

"ఇతరలో అన్నీ వస్తాయి కదా."

"ఇక్కడ అది ఇతర కాదు సార్. ఇక్కడ అదే ఉంది."

"ఫారం పైనుంచి వచ్చింది. గడులు పెంచే అధికారం నాకు లేదు. అది వదిలెయ్. ఈ ఫోటో పైకి పంపాలి, కింద ఏం రాయాలో చెప్పు. వీళ్లు చెప్పులు ఎందుకు విడిచారు? వారసత్వం మీద గౌరవమా, మీ దగ్గర ఆచారమా?"

"ఏమంటుండు?" అనెను శంకరన్న.

"చెప్పులు ఎందుకు ఇడిసిండ్రని అడుగుతుండు."

"అరె, లైనుల..." అని శంకరన్న నోరు తెరవబోగా, యాదక్క మోచేయి అతని డొక్కలో ఒక అంగుళము లోతుగా దిగెను.

అజయ్‌కుమార్ నిటారుగా నిలిచెను. "చెప్తాను సార్. ముందు భాష పేరు రాద్దాం."

విలాస్ సారు ఫోటో వంక చూచెను, ఫారము వంక చూచెను. అట్టి ఫోటో ఆ ఏడాది వేరెవ్వరికిని దొరకదని అతనికి తెలియును. మెల్లగా కలము అందించెను. "అంచున ఖాళీ ఉంది. నువ్వే రాయి."

అజయ్‌కుమార్ గడులకు ఆవల, అచ్చు ముగిసిన చోట, రాతిగోడ గరుకునకు కలము ఎగిరిపడుచుండగా, 'తెలుగు' అని తెలుగులోనే వ్రాసి, ఆరువరకు ఊది, అప్పుడు సత్యమే పలికెను.

"మా దగ్గర చెప్పులు ఊరికే విడవరు సార్. ఏదో ఒకటి ఉందని గట్టిగా నమ్మితేనే విడుస్తారు."

విలాస్ సారు కన్నులు తుడుచుకొని ఆ వాక్యమును అక్షరాలా ఫోటో క్రింద చేర్చి పైకి పంపెను.

ఈ విధముగా, సిరొంచయందు, ఇరువది ఒక్క ప్రాణుల సమక్షమున, కాలిన అరికాళ్ల సాక్షిగా, సిరొంచ మాటలాడు భాష సిరొంచను గూర్చిన కాగితముపై అడుగు మోపెను. జయజయధ్వానములు లేవు, నీడ కొరకు తోపులాట మాత్రము సాగుచుండెను. గెలిచిన నేల, కొలిచి చూడగా, అంచున ఒకటింపావు అంగుళము.