పూజలో ఉన్న అల్మారీ

ఆపద చెప్పి రాదు. కాబట్టి దాని గురించిన పుస్తకమైనా ముందుగా వచ్చి కూర్చోవాలి!

ఇదీ ఆ సంవత్సరం సర్కారువారి సూక్తి. చైనాతో యుద్ధం జరిగి ఏడాది కావస్తోంది. ఎక్కడో మంచుకొండల్లో తుపాకులు పేలితే, జమ్మికుంటకు ఆమడ దూరంలో ఉన్న తాళ్ళకుంట దవాఖానకు హుకుం దిగింది. వరద, అగ్ని, యుద్ధం, మహమ్మారి మొదలైన విపత్తులపై వైద్య పరిశోధన గ్రంథాలు వెతికి తెచ్చి, ప్రతి దవాఖానలోనూ ఒక అల్మారీ నింపవలెను. అందరికంటే ఘనంగా నింపిన డాక్టరును కరీంనగర్‌కు బదిలీ చేసి, విపత్తు సన్నద్ధత అధికారిగా నియమించెదరు.

డాక్టర్ నరహరిరావు కళ్ళకు ఆ చివరి వాక్యం ఒక్కటే ఆనింది. తాళ్ళకుంటలో కరెంటు లేదు, సినిమా లేదు, భార్య ఇందిరమ్మకు మాట్లాడే తోడు లేదు. "ఈ దసరాకన్నా కరీంనగర్ పోతమా? లేకుంటె నన్ను మా అమ్మగారింటికి తోలిస్తరా?" అని ఆమె రోజూ పొద్దున చాయ్ గ్లాసుతో పాటు ఆ ప్రశ్న కూడా చేతికిచ్చేది. చాయ్‌కి జవాబు అక్కరలేదు, ప్రశ్నకే కావాలి.

వేట మొదలైంది. హైదరాబాదు పాత పుస్తకాల దుకాణాలు గాలించాడు. ఏనాడో కాలం చేసిన ఒక పెద్ద డాక్టరు ఇంటికి పోయి, ఆయన భార్య చేత అటక దింపించాడు. మందమర్రి బొగ్గుబావుల వైపు నుంచి గనుల్లో విషవాయువు మీద ఒకటి దొరికింది. నడిసముద్రంలో ఓడ మునిగినప్పుడు చేయవలసిన చికిత్స మీద రెండు. మంచు కొరికిన కాలివేళ్ళ మీద మూడు. ఒంటెల దండులో కలరా మీద అట్ట బంగారు రంగులో మెరిసే మహా గ్రంథం ఒకటి. ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన ఆ పుస్తకాలకు చాలావరకు పుటల అంచులు అతుక్కునే ఉన్నాయి. కోసి విడదీస్తే గానీ చదవడం కుదరదు. కోస్తే కొత్తదనం పోతుందని డాక్టరు వాటి జోలికి పోలేదు.

"సార్, మనకు సముద్రం యాడున్నది?" అన్నాడు కాంపౌండరు లచ్చయ్య, పుస్తకాల దుమ్ము దులుపుతూ.

"లేదు గనుకనే లచ్చయ్యా! సముద్రం ఉన్నోళ్ళకు మునుగుడు అలవాటై ఉంటది. సన్నద్ధత కావాల్సింది లేనోళ్ళకే."

లచ్చయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఇంకో ఉపన్యాసం వినాలి.

దవాఖానలో ఉన్నది ఒకటే అల్మారీ. దూది, గాజుగుడ్డ, సూదులు, కత్తెరలు, మందుసీసాలు అన్నీ పుస్తకాల వెనక్కి జరిగాయి. ముందు వరసలో బంగారు అట్టలు అద్దాల్లోంచి మెరిసిపోయాయి.

"అది సరే గని సార్, వాకిట్ల యాపచెట్టుకు తేనెతుట్టె పెరుగుతున్నది. తీపిద్దామా?"

"తేనెటీగల మీద మన అల్మారీల పుస్తకమున్నదా?"

"లేదు సార్."

"మరి? పుస్తకం లేని ఆపద ఆపదే గాదు. ఫికర్ చెయ్యకు."

దసరాకు ముందునాడు, అంటే నవమి నాడు, పై వైద్యాధికారి గారు తనిఖీకి వస్తారని రెండు రోజుల ముందు కబురొచ్చింది. పెద్దపల్లిలో అత్తవారింటికి పోతూ దారిలో దిగుతారట. ఆయనకొక పాడలవాటు ఉందట: అల్మారీలోంచి చేతికందిన పుస్తకం లాగి, కనబడిన పుట మీద ప్రశ్న వేస్తారట! ఒంటెకు కలరా వస్తే ఏం చేయాలో నరహరిరావుకెలా తెలుస్తుంది?

మర్నాటికల్లా ఉపాయం తట్టింది. పై అధికారికి భక్తి మెండని అందరికీ తెలుసు. వెంటనే ఆయా శంకరవ్వను పిలిచాడు.

"శంకరవ్వా, నీ ఎల్లమ్మ పటం పట్కరా. రేపు అల్మారీకి ఆయుధపూజ."

"మొన్ననే గద సారూ, సైన్సున్న కాడ దేవతలేందని తీపిచ్చిన్రు?"

"అది మామూలు దినం. రేపటిది తనిఖీ దినం. జల్ది తే పో!"

పూజలో పెట్టిన పుస్తకం విప్పరాదు కదా! నవమి పొద్దున్నే అల్మారీకి పసుపు రాశారు. సిరంజి డబ్బాకు, కత్తెరలకు, బంగారు అట్టలకు బొట్లు పెట్టి తలుపు వేసి తాళం బిగించారు. పైన పసుపు దారం చుట్టి ముడి వేశారు. తాళంచెవి కలశం కిందికి పోయింది. "రేపు జమ్మిపూజ అయ్యేదాకా ఎవ్వరూ ముట్టరాదు. ఇది పెద్దలు పెట్టిన కట్టు!" అని డాక్టరు ప్రకటించాడు. నెల రోజుల తర్వాత ఆయనకు ఆ క్షణంలోనే ఊపిరాడింది.

అంతలో ఊళ్ళోని రాయమల్లు కుంటుకుంటూ వచ్చాడు. కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారి పాదం మీద పడింది. చుట్టిన తువ్వాల ఎర్రగా తడిసి ఉంది.

"సారూ, జర కుట్లెయ్యున్రి. నెత్తురాగుత లేదు."

"ఆయుధపూజ నాడు గొడ్డలెందుకు పట్టినవ్?"

"పొయ్యిల కట్టెలు లేవు సారూ. పండుగని పొయ్యి ఊకుంటదా?"

నరహరిరావు అల్మారీ వైపు చూశాడు. దారం తెంపితే? సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషి దిగితే? తెరిచిన అల్మారీలోంచి ఒంటెల పుస్తకం లాగితే? కరీంనగర్ కళ్ళ ముందు కరిగిపోయింది.

"సామానంతా పూజల ఉన్నది రాయమల్లూ. గట్టిగ ఒత్తిపట్టుకోని జమ్మికుంటకు పో."

"గీ కాలుతోనా?" అని రాయమల్లు అరుగు మీద కూలబడి, గొంగడి కప్పుకున్నాడు. శంకరవ్వ తన కొంగు చించి పాదానికి గట్టిగా కట్టింది. డాక్టరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అధికారి వచ్చారు. అల్మారీని చూసి చేతులు జోడించారు. ఒక పుస్తకం కోసం చెయ్యి చాచబోయి, పసుపు దారం చూసి చెంపలు వేసుకున్నారు. "శాస్త్రము, సంప్రదాయము ఒకేచోట! భేష్!" అన్నారు. శంకరవ్వ మూకుట్లో నిప్పులు పోసి ఊదు వేసింది. పొగ దట్టంగా లేచి వాకిట్లోకి పాకింది. నరహరిరావు గొంతు సవరించుకున్నాడు.

"ఏ ఆపదైనా రానివ్వండి, ఎటునుంచైనా రానివ్వండి, తాళ్ళకుంట దవాఖాన సిద్ధముగా..."

ఆపద వేపచెట్టు మీదినుంచి వచ్చింది. ఊదు పొగకు తుట్టె కదిలి, తేనెటీగలు గుంపుగా దిగాయి. అధికారిని చూడవచ్చిన జనం తలోదిక్కు పరుగెత్తారు. లచ్చయ్య బల్ల కింద దూరాడు. పై అధికారి గారు తమ హోదా మరిచి ఎల్లమ్మ పటం వెనక దాక్కున్నారు. పటం చిన్నది, ఆయన పెద్దవారు. ఈగలు అటూఇటూ సర్దుకొని వెళ్ళేసరికి ఆయన మొహం పొంగిన పూరీలా ఉంది. డాక్టరుకు ఒక కన్ను మూసుకుపోయింది.

"ఇంజెక్షన్! త్వరగా!" అని అధికారి మూలిగారు.

"కలశం తియ్యి శంకరవ్వా!"

"జమ్మిపూజ గాలే గద సారూ! కట్టు తప్పితె పాపం గాదా?"

"సారుకు కుట్టినంక పాపమేంది, తియ్యి!"

తాళంచెవి దొరికింది గానీ దారం ముడి రాలేదు. తెంపడానికి కత్తెర కావాలి. కత్తెర అల్మారీలో ఉంది. చివరికి నరహరిరావు పళ్ళతో కొరికి తెంపాడు. తలుపు తెరిచీ తెరవగానే పుస్తకాలు దబదబా, పక్కనే కూలబడ్డ అధికారి ఒళ్ళో పడ్డాయి. సూది మందు పడ్డాక ఆయనకు కాస్త ఊపిరాడింది. ఒంటెల గ్రంథం చేతిలోకి తీసుకొని, అంచులు విడని పుటలను వాచిన కళ్ళతో చాలాసేపు చూశారు.

అధికారి నరహరిరావు చెవి దగ్గరికి వంగారు. "వీటిని కొయ్యకండి. మా ఆఫీసులో కూడా ఇట్లాగే ఉంచాం. కోస్తే, చదివారా అని అడుగుతారు."

తర్వాత లేచి, అందరికీ వినబడేలా, "ఆపద వచ్చిన మరుక్షణమే అల్మారీ తెరవబడినది! ఇదే నా రిపోర్టు!" అన్నారు. కరీంనగర్ ఖాయమైనట్టే.

అరుగు మీద గొంగడి కదిలింది. పరుగెత్తలేక అందులోనే ముడుచుకున్న రాయమల్లును ఒక్క ఈగా ముట్టలేదు. మెల్లగా తల బయటపెట్టాడు.

"సారూ, పెద్దసారు కోసం అల్మారి ఎట్లనూ తెరిసిన్రు గద. గదే చేత్తోటి జర నా కాలు గూడ సూడున్రి."

నరహరిరావుకు నిజంగా సిగ్గేసింది. నేల మీద కూర్చొని, ఒంటి కన్నుతోనే ఆ పాదం కడిగి కుట్లు వేశాడు. ఇకమీదట ఏ రోగినీ అట్లా కూర్చోబెట్టనని మనసులో ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

ఆ ఒట్టును ఆయన మరిచిపోయాడని ఎవరైనా అంటే నమ్మకండి. కరీంనగర్ వెళ్ళి కుర్చీలో కూర్చున్న తర్వాత వచ్చిన మొదటి దసరాకే దవాఖానలన్నింటికీ స్వయంగా హుకుం పంపాడు: "ఆయుధపూజ నాడు రోగుల అవసరార్థము ఒక కత్తెర, ఒక సిరంజి పూజలో పెట్టక విడిగా ఉంచవలెను. పై అధికారులు విచ్చేయు చోట మాత్రము రెండేసి ఉంచవలెను."